ఐదో వరస, పచ్చ కార్డు

డాక్టరమ్మ గది తలుపు మీద చెయ్యి వేసి, తొయ్యాలా వద్దా అని నేను కొయ్యబారిపోయిన చోట కదా కిందటి వారం ఆగాం. లోపలి నుంచి మా వదిన గొంతు వినిపిస్తోంది. ఈ పరిశోధనశాలలో ఎలుకల గది శుభ్రం చేసే పనిలో నేను చేరి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ నేను తాగిన గ్లాసు వేరే పెట్టించిన మనిషి ఆవిడ. ఈ పరిశోధనశాల గేటు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. అలాంటిది చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలిదాకా వచ్చి కూర్చుందంటే అది చుట్టపు చూపు కాదు.

ఎందుకొచ్చిందో నాకు తెలుసు. తొమ్మిది రోజుల కిందట మా చిట్టి బడిలో వదిన కూతురి నుదుటి మీద స్టీలు నీళ్ల సీసాతో కొట్టింది. కనుబొమ పైన మూడు కుట్లు పడ్డాయి. ఇద్దరికీ పద్నాలుగేళ్లే. ఒకే ఇంట్లో కింద వాళ్లు, పైగదిలో మేము. ఒకే తరగతి, ఒకే బెంచీ. ఎందుకు కొట్టావే అని ఎంత అడిగినా చిట్టి నోరు విప్పలేదు. బడివాళ్లు ఒక మాట తేల్చి చెప్పారు. ఇది పిల్లల గొడవైతే మందలించి వదిలేస్తారట. పిల్లది పుట్టుకతో వచ్చిన గుణమని శాస్త్రం తెలిసినవాళ్లెవరైనా రాసిస్తే మాత్రం కంచె బడికి పంపించేస్తారట. కంచె బడి అంటే చేయి దాటిపోయిన పిల్లల్ని పెట్టే చోటు. గేటుకి బయటి నుంచి తాళం ఉంటుంది. నెలకొకసారి తల్లిని చూడనిస్తారు.

వదిన ఆ రాసిచ్చే మనిషి కోసం ఎక్కడా వెతకలేదు. నేను రోజూ వంగి నమస్కారం పెట్టే డాక్టరమ్మ దగ్గరికే తిన్నగా వచ్చింది.

తలుపు తోశాను.

డాక్టరమ్మ బల్ల వెనక తెల్ల కోటులో కూర్చుని ఉంది. ఎదురుగా వదిన, ఒళ్లో చేతిసంచీ. తలుపు పక్కన మా అన్నయ్య రెండు మోకాళ్ల మధ్య చేతులు ఇరికించుకుని కూర్చున్నాడు. మా అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. ఎంత తుప్పు పట్టిన తాళమైనా తెరుస్తాడు కానీ, పెళ్లాం ఎదుట తన నోరు మాత్రం తెరవడు. ఇక కిటికీ కింద ఎత్తుబల్ల మీద, బడి బట్టల్లో, మా చిట్టి; వదినే తీసుకొచ్చినట్టుంది. బడి సంచీ ఒళ్లో పెట్టుకుని దాని పట్టీ వేలికి చుట్టుకుంటోంది. చొక్కా నిండా ముడతలు.

ఆ ముడతల సంగతి మీకు తెలుసు. మా గదిలో ఇస్త్రీపెట్టె అటక మీద, గోనెసంచిలో చుట్టి, తాడు కట్టి ఉంటుంది. కత్తిపీట పెట్టెలో తాళం వేసి ఉంటుంది. కత్తెర నా దిండు గలీబులో. రోకలి కూడా కింద వాళ్ల వాటాలోనే పెట్టించాను. చిట్టికి మూడేళ్లు నిండగానే వాళ్ల నాన్న ఇంట్లోంచి వచ్చేశాను. దానికి కోపం వచ్చిన ప్రతిసారీ దాని చేతుల వంకే చూశాను, ఏ క్షణాన ఆయన రక్తం పొంగుతుందోనని. ఫోను మోగితే బడి నుంచేమో అనుకుంటాను. మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమో అనుకుంటాను. నా బతుకు అంతే.

"రా, కూర్చో," అంది డాక్టరమ్మ. కూర్చోడానికి కుర్చీ లేదు.

"మీరెందుకొచ్చారు వదినా?"

"అయ్యో, నీ పని తేలిక చేద్దామనే." వదిన చేతిసంచీ తెరిచి, నాలుగు మడతలు పెట్టిన పత్రిక ముక్క తీసి బల్ల మీద పరిచింది. "ఈ మేడమ్ రాశారు, చదివాను. కోపం పుట్టుకలోనే ఉంటుందట. ఎలుకల్లో రుజువు చేశారట. నువ్వు ఆ ఎలుకల పెంట ఎత్తుతూ ఒక్కసారన్నా మాకు చెప్పావా తల్లీ?"

"నేను అంత మాట రాయలేదండీ," అంది డాక్టరమ్మ. "ఎక్కువ పాలు పుట్టుకలో ఉంటుందని రాశాను."

"ఆ ఎక్కువే మాకు చాలు."

డాక్టరమ్మకి నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. తర్వాత నా వైపు తిరిగి, నాకు తెలిసిందే వదిన కోసం చెప్పడం మొదలుపెట్టింది. గది అవతలి గోడ మొత్తం అద్దం. అద్దం వెనక వరసలు వరసలుగా ఎలుకల గూళ్లు. కొన్నింటికి ఎర్ర కార్డు, కొన్నింటికి పచ్చ కార్డు. ఇరవై తరాలుగా కరిచేవాటిని కరిచేవాటితోనే, నెమ్మదస్తుల్ని నెమ్మదస్తులతోనే జత కట్టారు. ఎర్ర కార్డు గూట్లోకి కొత్త ఎలుకను వదిలితే నిమిషం తిరక్కుండా మీద పడి కొరుకుతుంది. పచ్చ కార్డువి అయితే వాసన చూసి, కాస్త జరిగి చోటిచ్చి పడుకుంటాయి.

"అంటే సంబంధాలు చూసి మరీ చేశారన్నమాట," అంది వదిన. "మావాళ్లు ఆ మాత్రం చూసి చచ్చారు కాదు. వీళ్లాయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడే నాకు తెలుసు, వాడి చూపు ఎర్ర కార్డు చూపు."

"వదినా, మర్యాదగా మాట్లాడు."

"మర్యాదా? నా కూతురి మొహం మీద మూడు కుట్లు. రేపు దానికి జన్మంతా మచ్చ. నీ కూతురికి మాత్రం మర్యాద కావాలి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని పెద్దవాళ్లు ఊరికే అన్లేదు. పదకొండేళ్లు నెత్తిన పెట్టుకుని చూశాం. ఇంక మా వల్ల కాదు. నా పిల్ల ఆ మెట్ల మీద దీనికి ఎదురు పడాలంటే వణుకుతోంది."

అన్నయ్య వైపు చూశాను. ఆయన నేల మీది గచ్చు పలకలు లెక్కపెడుతున్నాడు.

"చూడమ్మా," అంది డాక్టరమ్మ నాతో. మాట మెత్తగానే ఉంది. సూది గుచ్చే ముందు దూదితో రుద్దినట్టుంది. "నువ్వు భయపడుతున్నట్టు ఇది శిక్ష కాదు. పుట్టుకతో వచ్చిందని రాస్తే నీ కూతురి తప్పు కాదని అర్థం. అక్కడ కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఉంటారు. తండ్రి సంగతి అడిగితే నీ అంతట నువ్వే చెప్పావుగా, ఒకసారి కాదు, పదిసార్లు. రక్తమండీ రక్తం అని నువ్వే ఏడ్చావు నా దగ్గర."

నిజమే. నేనే చెప్పాను. గూళ్ల కింద తట్టలు మారుస్తూ, ఈవిడ కాస్త ఆగి పలకరించినప్పుడల్లా నా గోడు వెళ్లబోసుకున్నాను. చదువుకున్న మనిషి కదా, ఏదో ఒక మందు చెప్పకపోతుందా అనుకున్నాను. నా నోటితో నేనే నా బిడ్డకి ఎర్ర కార్డు కట్టాను.

ఆవిడ కలం మూత తీసింది. కాగితం మీద అప్పటికే నాలుగు వరసలు టైపు చేసి ఉన్నాయి. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

చిట్టి వంక చూశాను. అది నన్ను చూడటంలేదు. సంచీ పట్టీ వేలికి ఎంత బిగించిందంటే వేలికొస తెల్లబారింది. కలం కాగితానికి తగిలితే, నెలకొకసారి. గేటు ఇవతల నేను.

నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"మేడమ్, ఐదో వరసలో ఆ పచ్చ కార్డు పిల్లల్ని మీరు మెచ్చుకున్నారు కదా."

కలం ఆగింది. "ఏవి?"

"కిందటి వానాకాలం కాన్పువి. ఎనిమిది పిల్లలు. ఎనిమిదింటిలో ఒక్కటీ కరవలేదని, ఆ గూడు ఫొటో తీసి గోడకి పెట్టారు. మీ రాతల్లో కూడా వేశారు."

"అయితే?"

"ఎనిమిదిలో నాలుగు పచ్చవి కావు."

అద్దం అవతల ఏదో ఎలుక నీళ్ల సీసాని కొరుకుతున్న చప్పుడు టిక్కు టిక్కుమని వినిపించింది. బల్ల అంచు పట్టుకున్నాను. ఉద్యోగం పోతుంది, గది ఖాళీ చేయమంటారు, పోలీసుల్ని పిలుస్తారు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. కానీ మొదలుపెట్టిన మాట మింగితే గొంతుకి అడ్డం పడుతుంది కదా.

"గూటికి నీళ్ల సీసా తలకిందులుగా బిగిస్తాం," అన్నాను, వదినకి కూడా అర్థం కావాలని. "మూతిలో చిన్న గోలీ ఉంటుంది. అది సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తట్టి చూడాలి. కూర్చోకపోతే బొట్లు బొట్లుగా కారి గూడంతా తడుస్తుంది. ఆ రోజు చిట్టికి ఒళ్లు కాలిపోతోంది, తొందరగా పోవాలని తట్టి చూడలేదు. మర్నాడు వచ్చేసరికి రంపపు పొట్టు ముద్దయిపోయి ఉంది. రెండు రోజుల పిల్లలు, ఒంటి మీద బొచ్చు కూడా రాలేదు. ఎనిమిదింటిలో నాలుగు చలికి బిగుసుకుపోయాయి."

"పుస్తకంలో రాయలేదే!"

"రాస్తే నన్ను ఉంచుతారా? అప్పటికే రెండుసార్లు హెచ్చరిక కాగితం ఇచ్చారు. పక్క గూట్లో ఎర్ర కార్డు తల్లి. దాన్ని నేను గయ్యాళి అని పిలుస్తాను. అదీ అదే రోజు ఈనింది. తొమ్మిదింటిని పెట్టి, వరసగా తినేస్తోంది. నేను చూస్తుండగానే ఒకటి పోయింది. మిగిలిన వాటిలో నాలుగింటిని తీసేశాను. పచ్చ తల్లి గూట్లోని పొట్టు నా తొడుగులకి బాగా రుద్దుకుని, పిల్లల ఒంటికి కూడా రాశాను. తన వాసన వస్తేనే కదా తల్లి దగ్గరికి రానిచ్చేది. చనిపోయిన వాటి చోట మెల్లిగా పెట్టాను. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాను. పచ్చ తల్లి వాటిని నాకింది. కడుపు కిందకి లాక్కుంది. గయ్యాళి లెక్కలో మాత్రం 'తల్లి తినేసింది, ఐదు' అని రాశాను. అలా రాయని వారం ఉండదు కాబట్టి ఎవరూ అడగలేదు. చెవికి గంటు పెట్టి గుర్తు వేసేది మూడో వారంలో. అప్పటికి అవి అన్నీ ఒక్క తల్లి పిల్లలే."

డాక్టరమ్మ మొహం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"నీకు బుర్ర ఉందా?" అంది. మెత్తదనం అంతా ఎటో పోయింది. "ఏడేళ్ల పని. ఏడేళ్లు! శుక్రవారం నా నివేదిక పోవాలి. పెంట ఎత్తే పని నీది. గూళ్లలో చెయ్యి పెట్టే అధికారం ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"అబద్ధం. కూతుర్ని కాపాడుకోడానికి అల్లిన కథ ఇది."

"అన్నింటి తోక కొసలూ కత్తిరించి మంచుపెట్టెలో దాచారు కదా. తీసి చూసుకోండి. మీ దగ్గర పరీక్ష ఉంది. నా మాట అక్కర్లేదు."

"నిజమైతే నీ ఉద్యోగం ఈ పూటతో ఆఖరు."

"తెలుసు మేడమ్."

"తెలిసి చెబుతున్నావా?"

"ఎర్ర కడుపున పుట్టిన నాలుగూ పచ్చ ఒడిలో పెరిగి ఒక్కదాన్నీ కరవలేదు. మీరే చేతిలో గడియారం పట్టుకుని లెక్కపెట్టారు. పది నిమిషాలు నిలబడ్డారు, అవి పడుకున్నాయి. అవి నిద్రపోయినప్పుడు మీరు నాకు చాక్లెట్ కూడా ఇచ్చారు." నా గొంతు లేచింది. ఆ గదిలో నా గొంతు లేవడం అదే మొదటిసారి. "మరి నా కూతురి గురించి రాయడానికి మీ దగ్గర ఏ గడియారం ఉంది? దాన్ని ఒక్క గంట అయినా చూశారా?"

డాక్టరమ్మ లేచి అద్దం దగ్గరికి వెళ్లింది. ఐదో వరస వైపే చూస్తోందని ఆవిడ మెడ చూస్తేనే తెలుస్తోంది.

"నాలుగు పిల్లలతో లోకం తలకిందులు కాదు," అంది చివరికి, మాకు కాదు, తనకే చెప్పుకున్నట్టు. తిరిగి వచ్చి కలానికి మూత పెట్టింది. కాగితాన్ని చింపలేదు. సొరుగులో పెట్టింది. "తోకల పరీక్ష అయ్యేదాకా నేను దీని మీద సంతకం పెట్టను."

నా గుండె తేలికపడింది అనుకుంటున్నారా? ఒక్క ఊపిరి. అంతే. మా వదిన అంత తేలికగా వదిలేసే మనిషైతే నాకు పదకొండేళ్లలో జుట్టు ఎందుకు తెల్లబడుతుంది?

ఆవిడ తొందరపడకుండా పత్రిక ముక్కను మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. సంచీలో పెట్టింది. జిప్పు లాగింది.

"భలే చెప్పావు," అంది. "అయితే రక్తం కాదంటావు."

"కాదు."

"ఏ కడుపున పుట్టినా, ఏ ఒడిలో పెరిగిందో అదే ముఖ్యం అంటావు."

"అవును."

"మరి దీన్ని పెంచింది ఎవరు?"

నేను చిట్టి వంక చూశాను.

"వాళ్ల నాన్న ఇది మూడేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ దగ్గర లేడు. నేను పెంచలేదు, నీ చేతి ముద్ద తప్ప ఇంకొకరి ముద్ద తిననిచ్చావా దాన్ని? మీ అన్నయ్య పెంచలేదు, ఆయన నన్నే పల్లెత్తు మాట అనలేడు. పదకొండేళ్లు ఆ పైగదిలో నీ ఒడిలోనే పెరిగింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" వదిన కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఎర్ర కార్డు వాడిది కాదన్నావు. సరే. మరి ఎవరి మెడలో కట్టమంటావు?"

నా ఉరి నేనే పేనుకుని తల దూర్చానని అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ కూడా కొత్త గూట్లో ఎలుకను చూసినట్టు నన్నే చూస్తోంది.

"నేను దాని మీద ఒక్క దెబ్బ వెయ్యలేదు," అన్నాను. "పుట్టిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్కటి. అడగండి దాన్ని."

"వెయ్యలేదు," అంది చిట్టి.

ఆ గదిలోకి వచ్చాక అది మాట్లాడిన మొదటి మాట. అందరం దాని వైపు తిరిగాం.

"అమ్మ నన్నెప్పుడూ కొట్టలేదు. కొట్టేవాళ్లు ఇంకా నయం అత్తా. కొట్టి ఊరుకుంటారు."

"చూశారా ఆ నోరు!" అంది వదిన.

"మీ అమ్మాయి నన్ను ఏమందో నీకు చెప్పిందా అత్తా?"

"ఏమంటుంది? అదేదో అంది, నువ్వు తల పగలగొట్టావు."

"'మీ అమ్మకే నువ్వంటే భయం, కత్తెర దిండు కింద దాచుకుని పడుకుంటుంది' అంది. తరగతిలో అందరి ముందూ." చిట్టి పట్టీ విప్పి వేలిని చూసుకుంది. "అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని. అది నిజం. అందుకే కొట్టాను."

నేను ఒక అడుగు ముందుకేశాను. "చిట్టీ, అది నీ మంచికే..."

"నా మంచికా? చిన్నప్పుడు బొమ్మ విరిగి ఏడిస్తే నా చేతులు పట్టుకుని 'వచ్చేసింది, వచ్చేసింది' అనేదానివి. ఏమొచ్చిందో తెలిసేది కాదు. జ్వరం అనుకునేదాన్ని. తర్వాత నాన్న రక్తం అన్నావు. అద్దంలో కళ్లు చూసుకునేదాన్ని, ఎర్రగా ఉన్నాయేమోనని. నేను తలుపు గట్టిగా వేస్తే నువ్వు గోడకి అంటుకుని నిలబడతావు. నీకు తెలుసా?"

"తండ్రి అలాంటివాడు కాబట్టి తల్లి భయపడింది," అంది డాక్టరమ్మ, కాస్త సర్దుతున్నట్టు. "అది సహజమే."

"తండ్రి ఎలాంటివాడండీ?" అంది చిట్టి ఆవిడతో. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, నాన్న నిన్ను కొట్టేవాడా?"

"ఎన్నిసార్లు చెప్పలేదు నీకు?"

"ఇంకోసారి చెప్పు. కొట్టేవాడా?"

"కొట్టేవాడు."

పదకొండేళ్లుగా చెప్పిన మాటే. అలవాటైన తాళంచెవిలా తిరిగింది. కానీ ఈసారి లోపల ఏదీ క్లిక్కుమనలేదు.

చిట్టి సంచీలో చెయ్యి పెట్టి, లెక్కల పుస్తకం అట్టలోంచి ఒక కవరు తీసింది. అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఎన్నిసార్లు తీసి చదివిందో.

"నాన్న రాశాడు," అంది. "నేను మొదట రాశాను. అప్పుడు జవాబిచ్చాడు."

"ఎవరిచ్చారే నీకు ఆయన చిరునామా?" అంది వదిన, నాకంటే ముందు. "ఎవడా పుణ్యాత్ముడు?"

"నేనే ఇచ్చాను."

మా అన్నయ్య నోరు తెరిచాడు.

వదిన మెల్లిగా మెడ తిప్పింది. ఆవిడ జీవితంలో అంత నెమ్మదిగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. "ఏమండీ?"

"నేనే ఇచ్చాను అన్నాను." ఆయన ఇంకా పలకల్నే చూస్తున్నాడు. "పిల్ల ఆర్నెల్ల నుంచి అడుగుతోంది. తన రక్తం ఎలాంటిదో తను చూసుకుంటానంది. ఇవ్వకుండా ఎలా ఉంటాను?"

"నాతో ఒక్క ముక్క..."

"నీతో చెప్పనివి ఇంకా ఉన్నాయిలే." అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అది ఉన్నా బాగుండేది. "చెల్లీ, ఆ రోజు మీ ఆయన్ని రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను. నా చొక్కా నిండా నెత్తురు. పదకొండు కుట్లు వేశారు. మెట్ల మీంచి పడ్డాడని నేనే రాయించాను. ఎంతకాలం మొయ్యమంటావు?"

ఇన్ని వారాలుగా మీకు అన్నీ చెబుతూ వచ్చాను. నా భయాలు చెప్పాను, ఏడుపులు చెప్పాను, ఆయన అరుపులు చెప్పాను. ఒక్కటి దాచాను. ఆయన అరిచేవాడు, నిజం. కంచాలు విసిరేవాడు, నిజం. నా ఒంటి మీద చెయ్యి వేసింది మాత్రం లేదు. ఆ రోజు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అరుస్తున్నాడు. చిట్టి గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది. ఆ తర్వాత అది ఎలా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే దాన్ని అటక మీద కట్టి పెట్టేదాన్ని కాదు. కత్తెరను దిండు గలీబులో దాచేదాన్ని కాదు. చిట్టికి అందకూడదని దాచాననే నేనూ అనుకున్నాను.

"మొదటి వాక్యమే చదువుతాను," అంది చిట్టి. కాగితం మడత విప్పింది. "'చిట్టీ, నువ్వు రాసినట్టు మీ అమ్మ ఇస్త్రీపెట్టెను నిజంగా అంత ఎత్తునే పెడుతోందా?'"

డాక్టరమ్మ కుర్చీ కిర్రుమంది. అన్నయ్య మళ్లీ పలకల వైపు తిరిగాడు.

"ఇంకా రెండు పేజీలు ఉన్నాయి," అంది చిట్టి. "నువ్వు చెబుతావా అమ్మా, నన్ను చదవమంటావా?"

ఉత్తరం కోసం చెయ్యి చాపాను. లాక్కోవాలని కాదు. ఎందుకు చాపానో తెలియదు.

చిట్టి ఎత్తుబల్ల మీంచి దిగి గోడకి ఆనుకుంది. దాని కళ్లు నా మొహం మీద లేవు. పదకొండేళ్లుగా నేను దాని చేతుల వంక ఎలా చూశానో, అచ్చం అలాగే అది నా చెయ్యి వంక చూస్తోంది.

నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.